ఆదివారం పది నిమిషాల ఏసీ

పోయిన వారం మా కారు ఏసీలోంచి చల్లగాలి సరిగ్గా రావడం లేదని ప్రొద్దుటూరులో ఒక షెడ్డుకు తీసుకుపోయాను. అక్కడి మెకానిక్‌కి నా కొడుకు వయసుంటుంది. బానెట్ ఎత్తి, తల లోపల పెట్టి, అందరినీ అడిగే ప్రశ్నే నన్నూ అడిగాడు. "మేడమ్, సలికాలంలో ఏసీ ఏస్తారా, ఊరికే పెడతారా?" "ప్రతి ఆదివారం పది నిమిషాలు వేస్తాను," అన్నాను. అతను తల బయటికి తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "ఇట్ల చెప్పినోళ్లు ఇంతవరకు ఒగరు గూడా ల్యా మేడమ్. యాడ నేర్చుకున్నారు?" నేను తెలుగు లెక్చరరుగా పనిచేసి రిటైరైనదాన్ని. కార్ల గురించి నాకు తెలిసిందంతా ఆ పది నిమిషాలే. నవ్వి, పక్కనున్న బల్ల మీద కూర్చున్నాను. అతను కంప్రెసర్ పైపు విప్పగానే ఒక వాసన వచ్చింది. కిరసనాయిలు కాదు, ఆముదం కాదు, రెంటికీ మధ్యలో ఏదో. ఆ వాసన తగిలిందో లేదో జమ్మలమడుగులో మా ఇల్లు, ఇంటి పక్కన గొర్రెల కొట్టం, కొట్టంలో గొర్రెలతో పాటు నిలబడ్డ తెల్ల కారు గుర్తుకొచ్చాయి. అప్పుడు నేను ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతున్నాను. రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని.

మా నాయన గొర్రె పళ్లు చూసి దాని వయసు చెప్పేవాడు. కారుకు పళ్లుండవు కాబట్టి, కొనేముందు బానెట్ ఎత్తించి బెల్టులను వేలితో నొక్కాడు, టైర్లను అరచేత్తో తట్టాడు, వెనక్కి పోయి పొగగొట్టం దగ్గర వాసన చూశాడు. కారు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసిన ఒక ఆఫీసరుది. ఆయనకు దూరం బదిలీ అయి అమ్ముతున్నాడు. తాతల నుంచీ జీవాలు మేపుకొని బతికిన ఇంట్లో కారు కొనడమే వింత. అందులో ఏసీ కూడా ఉందని తెలిశాక వీధంతా మా ఇంటి ముందుకొచ్చింది. నాయన ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కొత్త పొట్టేలును తెస్తే దిష్టి తగలకుండా కాలికి నల్లదారం కట్టేవాడు. కారుకు కాలు ఏదో తేల్చుకోలేక స్టీరింగుకు కట్టాడు.

అందరికంటే సంతోషించింది అమ్మ. అమ్మకు ఎండ పడేది కాదు. మా కడప జిల్లాలో పుట్టి ఎండ పడదనడం, చేపకు నీళ్లు పడవన్నట్టే ఉంటుంది, అందుకే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. శివరాత్రి పోగానే ఆమె వీపంతా పేలేది, మెడ కింద చెమటకాయలు పుండ్లయ్యేవి. తలనొప్పి మొదలైతే రెండు మూడు రోజులు వదిలేది కాదు. కొంగు తడిపి తలకు చుట్టుకొని, ఒక చేత్తో సంగటి కెలుకుతూ, ఇంకో చేత్తో విసనకర్ర ఆడిస్తూ ఉండేది. కారు వచ్చిన రోజు ఆమె అందులో ఎక్కలేదు. కిటికీ దగ్గర వంగి ఏసీ గాలి వచ్చే జాలీల్లోకి చూసింది. "ఏమయ్యా, ఒగసారి ఇది ఏసుకొని మా పుట్టినూరు వేములకు పోయొద్దామా? దోవ పొడుగునా సల్లగ కూసోని పోవల్లని ఉంది," అంది. నాయన ఏదో పెద్ద కోరిక విన్నట్టు కొంచెంసేపు ఆలోచించి, "పోదాంలే. ఏదన్నా మంచి కార్యం రానీ," అన్నాడు.

ఆ మాటలోనే మా నాయన మొత్తం ఉన్నాడు. మంచి వస్తువు ఏది ఇంటికొచ్చినా అది మర్యాదకు దాచాల్సిందే. ఆయన దగ్గరున్న గొడుగు వానలో తడిస్తే పాడవుతుందని వాన వచ్చినప్పుడు చంకలో పెట్టుకొని తడుస్తూ వచ్చేవాడు. కొత్త చెప్పులు ఊరి పొలిమేర దాకా చేతిలో పట్టుకుపోయి, ఎదుటి ఊరు కనపడగానే తొడుక్కునేవాడు. ఇంట్లో గాజు గ్లాసులు ఆరుండేవి. వాటిలో ఎవరైనా తాగగా నేను చూడలేదు. వాటిలో తాగేంత పెద్దమనిషి మా ఇంటికి ఎప్పుడూ రాలేదన్నమాట. ఏసీ కూడా ఆ గ్లాసుల పక్కన చేరింది. మేము సంతకు పోయినా, ప్రొద్దుటూరుకు బట్టలకు పోయినా, అద్దాలు దించుకొని వేడిగాలి తింటూనే పోయాం. అమ్మ ఏసీ కారులో కూర్చొని విసనకర్రతో విసురుకొనేది. నేను ఒకసారి ఆ మీట మీద వేలు పెట్టబోతే నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "వొద్దు పాపా, వాడితే అయిపోతాది," అన్నాడు. చల్లదనం అనేది లోపల డబ్బాలో నింపి ఉంటుందని, మనం వాడేకొద్దీ తగ్గిపోతుందని ఆయన నమ్మకం. అలా ఒక ఎండాకాలం పోయింది, వానలు పోయాయి, చలికాలం కూడా పోయింది. ఏసీని ఒక్కసారి కూడా వెయ్యలేదు.

మళ్లీ ఎండాకాలం వచ్చినప్పుడు ఆయన ఎదురుచూసిన మంచి కార్యం వచ్చింది. నాకు గుంటూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. చదువు సగంలో ఉండగా నాకు పెళ్లి ఇష్టం లేదు. కానీ నన్నడిగేవాళ్లెవరు? అబ్బాయి, వాళ్లమ్మ, వాళ్ల నాన్న యర్రగుంట్ల స్టేషన్లో రైలు దిగారు. నాయన ఇస్త్రీ పంచె కట్టుకొని కారు తీసుకుపోయాడు. వాళ్లను కూర్చోబెట్టి, నాలుగు అద్దాలూ పైకెత్తి, వంద గొర్రెలను ఒక్కసారే అమ్మినంత గర్వంగా ఏసీ మీట నొక్కాడట. లోపల్నుంచి గాలి వచ్చింది. ఎర్రటి ఎండలో బండరాళ్ల మీదుగా వచ్చే గాలిలా వచ్చింది. కొంచెంసేపు కొంగుతో, రుమాళ్లతో చెమట తుడుచుకున్నారు. మర్యాదస్థులు కదా. తర్వాత అబ్బాయి తల్లి అద్దం దించబోయింది. నాయన ఒప్పుకోలేదు. "దించొద్దు తల్లీ, సల్లదనమంతా బయటికి పోతాది. ఇంగా పట్టలేదు, కొంచేపుంటే పడ్తాది," అన్నాడు. దగ్గర దగ్గర ఇరవై కిలోమీటర్లు వాళ్లను అలాగే ఉడికించి తెచ్చాడు. మా వాకిట్లో కారు తలుపు తెరిచినప్పుడు ఆమె కుంకుమ ముక్కు మీదుగా గడ్డం దాకా కారి ఉంది. "ఏవండీ, మీ ఊళ్లో దీన్ని ఏసీ అంటారా? మా వైపు ఆవిరి కుడుములు దీంట్లో వండుకుంటామండీ," అంది. అమ్మ పరుగున పోయి ఆమెకు చెంబెడు నీళ్లు, తన విసనకర్ర ఇచ్చింది. గాజు గ్లాసులు ఆ రోజు కూడా బయటికి రాలేదు, ఆమె చెంబు ఎత్తే తాగేసింది. సంబంధం తప్పిపోయింది. నాయన రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నేను మాత్రం ఎవరూ చూడకుండా కొట్టంలోకి పోయి ఆ కారు బానెట్‌కు దండం పెట్టుకున్నాను. నేను డిగ్రీ పూర్తి చేశానంటే చెడిపోయిన ఆ ఏసీ చలవే.

మూడో రోజు నాయన కారును ప్రొద్దుటూరు తీసుకుపోయాడు. కాలేజీకి దింపుతానని నన్నూ ఎక్కించుకున్నాడు కానీ, నేను ఆ పూట కాలేజీకి పోలేదు. మస్తాన్ అనే మెకానిక్ షెడ్డులోనే కూర్చున్నాను. మస్తాన్ సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, చెవి మీద ఎప్పుడూ ఒక బీడీ ఉండేది. కారు ముందు జాలీలో వేళ్లు పెట్టి ఏదో పీకాడు. గుప్పెడు గొర్రె బొచ్చు వచ్చింది. ఇంకా పీకాడు, ఇంకా వచ్చింది. "మామా, ఇది కారా, కంబళి నేసే మగ్గమా?" అన్నాడు. తర్వాత బెల్టు ముట్టుకొని వేళ్లు వాసన చూశాడు. "శనక్కాయ నూనె?" నాయన కొంచెం తల దించుకున్నాడు. "కీసు కీసుమని అంటాంటే ఒగ గిద్దెడు పోసినా." మస్తాన్ చెవి మీది బీడీ తీసి మళ్లీ చెవి మీదే పెట్టుకున్నాడు. "బెల్టుకు నూనె పోస్తే జారిపోతాది మామా. వదులైంటే బిగించల్ల, అరిగింటే మార్చల్ల. తాలింపు పెట్టకూడదు."

అసలు జబ్బు అది కాదు, వేరే ఉంది. గ్యాసు మొత్తం పోయింది. "వాడకుండా ఎట్ల పోతాది? నేను ముట్టుకున్నెది గూడా ల్యా," అన్నాడు నాయన. ఆ మాట నేరం చెయ్యలేదని కోర్టులో చెప్పినట్టు చెప్పాడు. మస్తాన్ నవ్వలేదు. "అందుకే పోయింది," అన్నాడు. తర్వాత అతను చెప్పింది నాకు ఇప్పటికీ జ్ఞాపకం. తర్వాతి కాలంలో నాకు పాఠం చెప్పిన ఏ మాస్టరూ అంత బాగా చెప్పలేదు. "సల్లదనం యాడా నింపి పెట్టరు మామా. దీని పనల్లా లోపలుండే ఉడుకును మోసుకుపోయి బయట పారబోయడమే." ఇంజను తిరుగుతుంటే బెల్టు ఒక చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది కానీ, మీట నొక్కినప్పుడే అయస్కాంతం పట్టుకొని 'టక్' మని కంప్రెసర్‌కు అతుక్కుంటుంది. కంప్రెసర్ గ్యాసును పిండుతుంది. పిండితే అది కాలిపోయేంత వేడెక్కుతుంది. ఆ వేడి కారు ముందున్న జాలీలో గాలికి ఆరిపోతుంది, గ్యాసు నీళ్లలా మారుతుంది. అక్కణ్ణించి సన్నటి రంధ్రంలోంచి దూరి లోపలికొచ్చేటప్పుడు మళ్లీ గ్యాసై, మన దగ్గరున్న ఉడుకునంతా లాక్కొని కంప్రెసర్ దగ్గరికి తిరిగి పోతుంది. ఆ గ్యాసుతో పాటే నూనె కూడా తిరుగుతుంది. కంప్రెసర్ ఇరుసు దగ్గర ఒక రబ్బరు బిళ్ల ఉంటుందట. తిప్పకుండా పెడితే దానికి నూనె అందక, ఎండి, ముడుచుకొని, ఆ సందులోంచి గ్యాసు కొద్దికొద్దిగా జారిపోతుందట.

నాయన చాలాసేపు ఆ కంప్రెసర్‌ను చూశాడు. "అంటే కట్టేసిన పొట్టేలు మాదిరన్నమాట," అన్నాడు. మస్తాన్ ముఖం వెలిగింది. "అదే మామా! ఏడాది కట్టేసి, ఒగదినం ఇప్పి పందేనికి తోలితే కాళ్లు పడిపోవా?" నాయనకు అంతా అర్థమైపోయింది. ఆయన ముఖంలో బాధ నేను చూశాను. కారు పాడైనందుకు కాదు, ఒక జీవాన్ని కట్టేసి చంపానన్న బాధ. మస్తాన్ ఆ బిళ్ల మార్చాడు, కొత్త బెల్టు వేశాడు, అతుకుల దగ్గర సబ్బు నురగ పూసి బుడగలు వస్తాయేమో చూశాడు, లోపలి గాలినంతా మిషనుతో లాగేసి అప్పుడు గ్యాసు పట్టాడు. చివర్లో జాగ్రత్తలు చెప్పాడు. ముందు జాలీని వారానికోసారి నీళ్లతో కడగాలి. గొర్రెల్ని దాని మీద ఒళ్లు రుద్దుకోనియ్యకూడదు. బండి స్టార్టయ్యాకే ఏసీ వెయ్యాలి, ఆపేముందు ఏసీ తియ్యాలి. "ఎండాకాలమా, సలికాలమా అని సూడకుండా వారానికి పది నిమిషాలు తిప్పు మామా," అన్నాడు. నాయన ఆ పది నిమిషాలను డాక్టరు రాసిచ్చిన మోతాదు అనుకున్నాడు. తక్కువైతే జబ్బు, ఎక్కువైతే విషం.

అలా మా ఇంట్లో ఆదివారం ఏసీ మొదలైంది. పొద్దున గొర్రెలను బయటికి తోలాక నాయన కారును కొట్టంలోంచి వాకిట్లోకి తెచ్చేవాడు. తలుపులు తెరిచి లోపలి వేడిగాలిని పోనిచ్చేవాడు. ముందు జాలీని బకెట్టు నీళ్లతో, పొట్టేలును కడిగినంత ప్రేమగా కడిగేవాడు. తర్వాత ఇంజను స్టార్ట్ చేసి, "రాండి, కూసోండి," అని పిలిచేవాడు. ముందు సీట్లో అమ్మ, వెనక నేను, నా పక్కన పక్కింటి ఎస్తేరమ్మ టీచరు. ఆమె చర్చి నుంచి నేరుగా తెల్లచీరలోనే వచ్చేది. 'టక్' మని చప్పుడు వినపడగానే అమ్మ విసనకర్రను ఒళ్లో పెట్టుకునేది, ఎస్తేరమ్మ టీచరు "స్తోత్రం ప్రభువా" అనేది. నాయన గడియారం చూసుకుంటూ బయట ఎండలో నిలబడేవాడు. లోపల చోటున్నా ఎక్కేవాడు కాదు, వైద్యుడు మందు తాగకూడదన్నట్టు. పది నిమిషాలు కాగానే అద్దం మీద వేలితో కొట్టేవాడు. ఎవరు ఏ మాట మధ్యలో ఉన్నా సరే, దిగాల్సిందే. ఒక ఆదివారం ఎండదెబ్బ తగిలిన గొర్రెపిల్లను కూడా తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టాడు. అది రెండు నిమిషాల్లో లేచి నిలబడి ఎస్తేరమ్మ టీచరు పాటల పుస్తకం అట్ట నమిలేసింది. వీధిలో వాళ్లు కూడా వంతులేసుకొని వచ్చేవాళ్లు. ఇప్పుడు మా ఇంట్లో మూడు గదుల్లో ఏసీలున్నాయి. ఒకరికి చలి, ఒకరికి చాలదు, రిమోట్ కోసం రోజూ యుద్ధం, చివరికి తలుపులేసుకొని ఎవరి గదిలో వాళ్లు. ఆ పది నిమిషాల్లో ఒక్క కారులో మేము చెప్పుకున్న కబుర్లు ఇప్పుడు నెలంతా కలిపినా చెప్పుకోవడం లేదు. నాకు ఈ సంగతి నిజంగా బాధగానే ఉంటుంది.

అయితే కారు కదిలితే మాత్రం ఏసీ ఉండేది కాదు. మోతాదు ఆదివారమే అయిపోయింది కదా. "నిలబెట్టి సల్లగ కూసోబెడతాడు, నడిపేటప్పుడు ఉడకబెడతాడు. ఇట్లాంటి మొగుడు యా ఊర్లోనన్న ఉంటాడా టీచరమ్మా?" అని అమ్మ ఎస్తేరమ్మ టీచరుతో అనేది. వేములకు చల్లగా పోవాలన్న మాట మళ్లీ ఎత్తలేదు. ఆమె ఎత్తడం లేదని నాకు తెలుస్తూనే ఉండేది, నాయన మీద కోపం వచ్చేది.

రోళ్లు పగిలే ఎండల్లో వేములలో మా మామ, అంటే అమ్మ తమ్ముడు, కొత్త ఇంట్లో చేరుతూ భోజనాలకు పిలిచాడు. అప్పటికి రెండు రోజులుగా అమ్మకు తలనొప్పి. రాత్రుళ్లు నిద్ర లేదు. మెడ చుట్టూ పుండ్లకు పసుపు పూసుకొని గోడకు ఆనుకొని కూర్చుంది. నాయన పంచె కట్టుకొని సిద్ధమై వచ్చి, "లెయ్, పొద్దెక్కుతాంది," అన్నాడు. అమ్మ కదల్లేదు. "నేను రాను. మీరు పోయి రాండి. ఆ ఎండకు దోవలోనే సస్తా," అంది. "సొంత తమ్ముని ఇల్లు. నువ్వు లేకుంటే ఏమనుకుంటాడు?" అన్నాడు నాయన. అమ్మ గొంతు పెంచలేదు. "మిట్టమద్యాన్నమైతే గొర్రెలకు నీడ ఎతకతావు. ఏ సెట్టుకింద సల్లగుంటాదో సూసి ఆడికి తోలతావు. నాకు మాత్రం గడియారం సూపిస్తావు," అంది. నాయన పంచె పైకి ఎగ్గట్టుకున్నాడు. బయటికి పోయాడు. కొంచెంసేపటికి బకెట్టు చప్పుడు వినిపించింది. ఆదివారం కాకపోయినా జాలీ కడుగుతున్నాడు.

కారు తలుపులన్నీ తెరిచి పెట్టి, వేడి పోయాక లోపలికొచ్చి, అమ్మ చెయ్యి పట్టుకొని లేపాడు. ముందు సీట్లో కూర్చోబెట్టి, అద్దాలెత్తి, మీట నొక్కాడు. టక్ మంది. జమ్మలమడుగు దాటాం. నేను వెనకనుంచి నాయన మణికట్టు మీది గడియారాన్నే చూస్తున్నాను. ఎనిమిది నిమిషాలు. తొమ్మిది. పది కాగానే, అలవాటు చొప్పున, ఆయన చెయ్యి మీట దగ్గరికి పోయింది. అంతలో అమ్మ తల పక్కకు వాలింది. విసనకర్ర ఒళ్లోంచి జారి కిందపడింది. నోరు కొంచెం తెరుచుకొని, చిన్నపిల్లలా నిద్రపోతోంది. నాయన ఆమెను చూశాడు, మీటను చూశాడు, చెయ్యి వెనక్కి తీసుకొని స్టీరింగు మీద పెట్టుకున్నాడు. నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ముద్దనూరు పోయింది. పులివెందుల పోయింది. గంటన్నరైంది, ఏసీ తిరుగుతూనే ఉంది.

వేములలో మామ కొత్త ఇల్లు రోడ్డు మీదే ఉంది. పందిరి కింద చుట్టాలంతా నిలబడి ఉన్నారు. మామ రోడ్డు మీదికి వచ్చి రెండు చేతులూ చాపి నవ్వుతున్నాడు. నాయన కారు ఆపలేదు. ఆయన పక్కనుంచి నెమ్మదిగా దాటించి ముందుకు పోనిచ్చాడు. నేను కంగారుపడి, "నాయనా, మామ ఇల్లు!" అన్నాను. "అరవొద్దు," అన్నాడు గుసగుసగా. "బండి ఆపితే అందరూ వచ్చి తలుపు తీస్తారు, ఏసీ ఆపల్ల. ఏసీ ఆపితే మీయమ్మ లేస్తాది." తుమ్మలపల్లె దాకా పోయి బండి తిప్పుకున్నాం. వెనక్కి వచ్చేటప్పుడు మామ మళ్లీ రోడ్డు మీదికి వచ్చాడు, ఈసారి నవ్వు లేదు. మళ్లీ దాటిపోయాం. కారు కొన్నాక బావకు కళ్లు నెత్తికెక్కాయని, పిలిచి అన్నం పెడతామంటే అద్దాలెత్తుకొని ఇంటి ముందు ఊరేగాడని ఆ మామ తర్వాత ఎన్నో ఏళ్లు అందరికీ చెప్పుకున్నాడు. పులివెందుల వైపు కొంతదూరం పోయి, బండి తిప్పుకొని మూడోసారి మామ ఇంటి ముందుకు వచ్చాం. ఈసారి మామ భుజం మీది తుండు తీసి ఊపుతూ, "ఓ బావా! ఓ బావా!" అని కారు వెంట పరుగెత్తుకొచ్చాడు. అద్దాలు మూసి ఉన్నా ఆ కేక లోపలికి సన్నగా వినపడింది. అమ్మ కళ్లు తెరవకుండానే కదిలింది.

"వేముల వచ్చెనా?" అంది.

"ఇంగా ల్యా," అన్నాడు నాయన. "శానా దూరముంది. పండుకో."